గర్భం ఎన్నాళ్ళు, ఉద్యోగం ఎన్నాళ్ళు?

(ఉద్యోగినుల హక్కులపై జరిగిన శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నా సొంత గొడవతో మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. పిహెచ్.డి. అప్పుడే పూర్తయింది. బల్లకి అవతల ఐదుగురు. నలుగురు మగవాళ్ళు, ఒక ఆవిడ. నా పరిశోధన గురించి ఒక ప్రశ్న, సిలబస్ గురించి ఒక ప్రశ్న అయ్యాయి. ఆ తర్వాత ఆవిడ నవ్వుతూనే అడిగింది: "పెళ్ళయి ఎన్నాళ్ళయింది? పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు?"

"ఇప్పట్లో ఏమీ లేదు మేడమ్" అన్నాను. అప్పటికి నాకు మూడో నెల.

ఉద్యోగం వచ్చింది. ఆరో నెల దాటాక "మీరు మమ్మల్ని మోసం చేశారు" అన్నారు. ఆ విద్యా సంవత్సరంతో కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ ఇవ్వలేదు. తీసేశామని ఎవరూ అనలేదు. కాగితం మీద నన్నెవరూ తీసెయ్యలేదు కూడా. గడువు ముగిసింది, అంతే. ఆ నలుగురు మగవాళ్ళ కంటే ప్రశ్న అడిగిన ఆవిడ మీదే నాకు చాలా కాలం కోపం ఉండిపోయింది. అలా ఎందుకుండాలి అన్నది కూడా నేను నన్ను అడగవలసిన ప్రశ్నే. ఆవిడ కుర్చీలో ఇంకొక స్త్రీ కూర్చుంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న పట్టుకునే నేను హెర్మా హిల్ కే అనే ఆమె జీవితంలోకి వెళ్ళాను.

ఈమె అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ లా స్కూలుకి 1992 నుంచి 2000 దాకా డీన్. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ. 2017లో, 82వ ఏట చనిపోయింది. లాయర్లు ఆమెను కుటుంబ చట్టంలోను, వేరువేరు రాష్ట్రాల చట్టాలు ఢీకొన్నప్పుడు ఏది వర్తిస్తుందనే శాస్త్రంలోను పండితురాలు అంటారు. ఆ రెండోది నాకు అంతుబట్టదు, నేను సమాజశాస్త్రం మనిషిని. ఉద్యోగాల్లో స్త్రీల మీద వివక్ష గురించి ఆమె చేసిన పని నాకు కావలసింది. మన దగ్గర మాత్రం లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. ఢిల్లీలో లా బోధించిన లోతికా సర్కార్ గురించి చెప్పాలంటే ఇంకో పూట కావాలి. ఈ పూట మాత్రం కే గురించే, ఎందుకంటే మనం పేచీ పడుతున్న ఒక విషయాన్ని ఆమె చాలా సూటిగా ఆలోచించింది.

ఆమె కన్నా ముందు ఇంకొకామె ఉంది. బార్బరా ఆర్మ్‌స్ట్రాంగ్. 1919లో ఇదే బర్కిలీలో సగం జీతం లా విభాగం నుంచి, సగం ఆర్థికశాస్త్రం నుంచి తీసుకుంటూ పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అమెరికాలో గుర్తింపు ఉన్న లా స్కూళ్ళలో అధ్యాపకురాలైన మొదటి స్త్రీ ఈమే. అంతకుముందు కాలిఫోర్నియా సామాజిక బీమా కమిషన్‌కి కార్యదర్శిగా పనిచేసింది. పనిచేసేవాళ్ళకు జబ్బు, ముసలితనం, నిరుద్యోగం వస్తే ఆ భారం ఎవరు మోయాలి? ఆమె బతుకంతా ఈ ప్రశ్నే. దాని మీద 1932లో పెద్ద పుస్తకం రాసింది. 1934లో వాషింగ్టన్‌కి పిలిచారు, వృద్ధాప్య బీమా పథకం తయారుచేసిన వాళ్ళలో ఆమె ముఖ్యురాలు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం అలా వచ్చింది. ఆ చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్ళలో పనిచేసేవాళ్ళను బయటే ఉంచిందని కూడా మనం మరచిపోకూడదు. నల్లజాతి స్త్రీలలో ఎక్కువమంది ఆ పనుల్లోనే ఉండేవాళ్ళు.

ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఉద్యోగ విరమణ వయసు వచ్చింది. అప్పుడామె తన చోట మళ్ళీ ఒక స్త్రీని తీసుకోవాలని పట్టుబట్టింది. అలా 1960లో వచ్చిన మనిషే హెర్మా హిల్ కే. 1919 నుంచి 1960 దాకా, నలభై ఏళ్ళలో, దేశం మొత్తం మీద ఇలాంటి ఉద్యోగాల్లోకి వచ్చిన స్త్రీలు పద్నాలుగుమంది. కే పదిహేనో మనిషి. కే ప్రతిభ మీద నాకు అనుమానం లేదు. కానీ ఒక పెద్దావిడ వెళ్ళిపోతూ తలుపు దగ్గర కాలు అడ్డం పెట్టి ఉండకపోతే ఆ ప్రతిభ లోపలికి వచ్చేది కాదు.

కే దక్షిణ కరోలినాలో పుట్టింది. తండ్రి మెథడిస్టు పాస్టరు, తల్లి చిన్న క్లాసుల టీచరు. ఆరో తరగతిలో ఒక వాదన పోటీలో, అంతర్యుద్ధంలో దక్షిణాది ఓడిపోవడమే మంచిదైందని వాదించిందట. అదీ దక్షిణాదిలో, 1940లలో! టీచరు తిట్టలేదు, నువ్వు లాయరువి కావాలి అంది. తల్లి మాత్రం ఆడపిల్ల లాయరై ఏం బతుకుతుందని భయపడింది. చికాగోలో లా చదివి 1959లో బయటికొచ్చి, కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో జస్టిస్ ట్రేనర్ దగ్గర లా క్లర్కుగా చేరింది. ఈమెను దేశ సుప్రీంకోర్టులో తీసుకోండని ఆయన ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్‌కి గట్టిగా సిఫారసు చేశాడు. స్కూళ్ళలో జాతి వేర్పాటు చెల్లదని 1954లో తీర్పు రాసిన అదే వారెన్! ఆడక్లర్కును తీసుకోవడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. ప్రగతిశీల మగవాళ్ళతో మనకున్న అనుభవం కొత్తదేమీ కాదన్నమాట.

1974లో కే, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, కెనెత్ డేవిడ్సన్ కలిసి లింగ వివక్ష చట్టం మీద పాఠ్యపుస్తకం తెచ్చారు. అంతకుముందు కోర్టు తీర్పులు ఎక్కడికక్కడ చెల్లాచెదురుగా ఉండేవి, వాటిని ఒక చోట పెట్టి 'ఇది ఒక సబ్జెక్టు' అని చెప్పేవాళ్ళు లేరు. మన దేశంలో స్త్రీల స్థితిగతుల కమిటీ 'సమానత్వం వైపు' నివేదిక ఇచ్చింది కూడా 1974లోనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు ముందుకి కాలిఫోర్నియా కేసు ఒకటి వచ్చింది. అక్కడ ఉద్యోగుల జీతంలోంచి కొంత కోసి, అనారోగ్యంతో పనికి రాలేకపోతే ఇచ్చే పథకం ఉంది. ఆడవాళ్ళ జీతంలోంచీ కోసేవారు. కానీ మామూలు ప్రసవానికి ఇవ్వరు. ఇది స్త్రీల మీద వివక్షే కదా అంటే, కాదంది కోర్టు. లోకంలో గర్భిణులు, గర్భిణులు కానివారు అని రెండు గుంపులున్నాయి, రెండో గుంపులో ఆడవాళ్ళు కూడా ఉన్నారు కదా, కాబట్టి ఇది లింగ వివక్ష కాదు! 1976లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కేసులోనూ ఇదే తర్కం. ఆ కంపెనీ పథకం కింద కొట్లాటలో దెబ్బలు తగిలినవాడికి కూడా సొమ్ము వచ్చేది, ప్రసవించిన మనిషికి రాదు. స్త్రీల సంఘాలు గొడవ చేస్తే 1978లో పార్లమెంటు, అంటే వాళ్ళ కాంగ్రెస్, చట్టం మార్చింది. గర్భం కారణంగా చూపే వివక్ష లింగ వివక్షే, గర్భిణిని పని చేయలేని స్థితిలో ఉన్న ఇతర ఉద్యోగులతో సమానంగా చూడాలని రాశారు.

ఇక్కడ స్త్రీవాదులు రెండుగా చీలారు. కాలిఫోర్నియా రాష్ట్రం తన సొంత చట్టంలో గర్భిణులకు నాలుగు నెలల దాకా సెలవు, తిరిగి ఉద్యోగం అని పెట్టింది. 1982లో ఒక బ్యాంకు రిసెప్షనిస్టు కానుపు తర్వాత పనిలోకి రాబోతే నీ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశాం అన్నారు. ఆమె రాష్ట్ర చట్టం చూపించింది. బ్యాంకు కోర్టుకెళ్ళి, మగవాళ్ళకు లేని సెలవు ఆడవాళ్ళకు ఇవ్వడం సమానత్వానికే విరుద్ధం అంది. అప్పుడు స్త్రీవాద లాయర్లలో ఒక పక్షం, గర్భిణికి ప్రత్యేకమైన రక్షణ అడగొద్దు, 'రక్షణ' పేరుతోనే నూరేళ్ళుగా మనల్ని రాత్రిపనుల నుంచి, మంచి జీతాల నుంచి దూరంగా ఉంచారు, కాబట్టి సెలవు అందరికీ ఇవ్వమని అడుగుదాం అన్నారు. రెండో పక్షం, కనేది ఆడదే, ఆ నిజాన్ని గుర్తించని సమానత్వం మాకెందుకు అన్నారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. మన సమావేశాల్లో అర్ధరాత్రి దాకా జరిగే వాదన ఇదే.

కే 1985లో రాసిన వ్యాసం ఈ ముడిని ఇంకో కొసనుంచి విప్పింది. ఆమె చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. స్త్రీకి గర్భసంచి ఉండటం ఎప్పుడూ ఉన్న నిజమే. కానీ ఆ తేడాకి అర్థం ఎప్పుడూ ఉండదు. ఆమె గర్భంతో ఉన్న ఆ కొన్ని నెలలు, కానుపై కోలుకునే ఆ కొన్ని వారాలు మాత్రమే ఉంటుంది. ముందూ లేదు, తర్వాతా లేదు. కాబట్టి ఆ కాలంలో చట్టం ఆ తేడాను గుర్తించి తీరాలి. ఆ కాలం బయట దాన్ని గుర్తించడానికి చట్టానికి హక్కు లేదు. పోలిక ఎవరితో పెట్టాలో కూడా ఆమె చెప్పింది. గర్భిణిని కాలు విరిగిన మగవాడితో పోల్చడం కాదు. ఒక మగవాడు, ఒక ఆడది, ఇద్దరూ బిడ్డను కోరుకున్నారు. మగవాడు తండ్రి అయ్యాడు, ఉద్యోగం పోలేదు. ఆడది తల్లి అయింది, ఉద్యోగం పోయింది. వాళ్ళిద్దర్నీ మళ్ళీ ఒక చోట నిలబెట్టేదే సమానత్వం.

ఆ బ్యాంకు కేసులో 1987 జనవరిలో సుప్రీంకోర్టు 6-3 తేడాతో రాష్ట్ర చట్టాన్ని నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ థర్‌గుడ్ మార్షల్. మగవాళ్ళలాగే ఆడవాళ్ళు కూడా ఉద్యోగం పోకుండా కుటుంబాన్ని పెంచుకోవాలన్నది ఆ తీర్పులో సారాంశం.

కే వాదనను ఇంటర్వ్యూ గదిలోకి తీసుకురండి. 'పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు' అన్న ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. ఎందుకంటే అది గర్భం లేని కాలంలో గర్భాన్ని లెక్కవేయడం. మన ఎల్.ఐ.సి. ఒకప్పుడు ఉద్యోగంలో చేరే స్త్రీల చేత నెలసరి తేదీలు, పోయిన గర్భాలు ఫారంలో రాయించింది. 1991లో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నలు తీసెయ్యమంది. 1981లో ఎయిర్ ఇండియా కేసులో మొదటి గర్భానికే ఎయిర్‌హోస్టెస్‌ని ఇంటికి పంపే నిబంధనను కొట్టేసింది, కానీ చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే తీసెయ్యొచ్చన్న దాన్ని ఉంచేసింది. ఈ తీర్పుల మధ్య ఒక సూత్రం లేదు, న్యాయమూర్తుల మనసుకి ఏది మరీ ఘోరంగా తోచిందో దాన్ని తీసేశారు, అంతే. కే దగ్గర సూత్రం ఉంది.

ఆ సూత్రంతో పని అయిపోదు. 2017లో మన ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంచారు. మంచిదే. కానీ ఇ.ఎస్.ఐ. వర్తించని చోట ఆ 26 వారాల జీతమంతా యజమాని చేతినుంచే పోవాలి. దాంతో ఏమవుతుంది? ఇరవై ఎనిమిదేళ్ళ పెళ్ళైన అమ్మాయి గదిలోకి రాగానే బల్ల అవతల కూర్చున్నవాడు మనసులో లెక్క వేసుకుంటాడు. నోటితో అడగడు, ఇప్పుడు తెలివి మీరారు. ప్రశ్న అడిగిన వాడినైతే పట్టుకోవచ్చు, అడగనివాడిని ఎలా పట్టుకుంటాం? ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితమంతా తడిమిన ప్రశ్న ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. బిడ్డ అందరికీ కావాలి, ఖర్చు ఒక్క యజమాని పద్దులో ఎందుకుండాలి? ఒక్కో యజమాని మీద వేసిన భారం చివరికి ఆడదాని మీదే పడుతుంది. అందరూ కొంత కొంత వేసే నిధి అయితే ఏ ఒక్కరికీ ఆమెను వద్దనుకోవాల్సిన అవసరం రాదు. పొలంలోను, ఇళ్ళలోను పనిచేసే ఆడవాళ్ళు, అంటే యజమాని ఎవరో చెప్పలేనివాళ్ళు, ఇంకే దారిలోనూ ఈ హక్కులోకి రాలేరు.

కే చెప్పినదంతా నేను ఒప్పుకోను. 1969లో కాలిఫోర్నియాలో తప్పెవరిదో నిరూపించనక్కర్లేని విడాకుల చట్టం వచ్చింది. దానికి దారి వేసిన గవర్నర్ కమిషన్‌లో ఆమె ఉంది. తర్వాత ఆ చట్టం వల్ల ఇంటిపట్టున ఉన్న భార్యలు పేదరికంలో పడుతున్నారని విమర్శ వచ్చింది. కే దాన్ని తోసిపుచ్చలేదు. అప్పటికే నష్టపోయిన వాళ్ళను ఆదుకోవాలంది. కానీ ముందుముందు స్త్రీలు ఆర్థికంగా ఆధారపడే బతుకును ఎంచుకునేలా చట్టం ప్రోత్సహించకూడదని కూడా అంది. వినడానికి బాగానే ఉంది. మన దగ్గర ఎంతమంది 'ఎంచుకున్నారు'? అత్తగారి మంచం, పిల్లల బడి, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ, ఇవన్నీ కలిసి ఆడదాని ఉద్యోగాన్ని మింగేస్తాయి. ఇంటిచాకిరికి విలువ కట్టకుండా బయట పనికి వెళ్ళమని చెప్పే స్త్రీవాదం సగం మాటే మాట్లాడుతోంది.

ఇంకో విషయం. వివక్ష చట్టం పాఠం చెప్పే ఆ స్కూలే ఉద్యోగాల దగ్గర ఏం చేసింది? ఎలినార్ స్విఫ్ట్ అనే అధ్యాపకురాలిని 1987లో పర్మనెంట్ చేయడానికి నిరాకరించారు. ఆమె లింగ వివక్ష అని ఫిర్యాదు చేసింది. బయటివాళ్ళు కొత్తగా పరిశీలించాక 1989లో ఉద్యోగం స్థిరపడింది. సరిగ్గా ఆ 1989లోనే కే అమెరికా లా స్కూళ్ళ సంఘానికి అధ్యక్షురాలు. పైన ఒక స్త్రీ కనిపిస్తున్నంత మాత్రాన కింద మెట్లు బాగున్నట్టు కాదు.

1992లో ఆమె డీన్ అయింది. మూడేళ్ళకే, 1995 జూలైలో, విశ్వవిద్యాలయ పాలకమండలి ప్రవేశాల్లో జాతిని, లింగాన్ని లెక్కలోకి తీసుకోకూడదని తీర్మానించింది. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 209ని నెగ్గించారు. ప్రభుత్వ ఉద్యోగాలు, చదువులు, కాంట్రాక్టులు, దేనిలోనూ జాతి, లింగ ప్రాతిపదికన ప్రాధాన్యం ఇవ్వకూడదని అది రాజ్యాంగంలోకే ఎక్కింది. అడిగినవాళ్ళు వాడిన మాటలు చూడండి: 'పౌర హక్కులు', 'సమానత్వం'. మన మాటలే! 1997లో కొత్తగా చేరిన సుమారు 270 మందిలో నల్లజాతి విద్యార్థి ఒక్కరంటే ఒక్కరు. అది కూడా ముందు ఏడాది సీటు వచ్చి వాయిదా వేసుకున్న మనిషి. ప్రవేశాల్లో వైవిధ్యం కావాలని నమ్మిన డీన్, ఆ తరగతి గదికి డీన్. సమానత్వం మీద పుస్తకం రాసిన మనిషి చేతుల్ని సమానత్వం అనే మాటతోనే కట్టేశారు. 2020లో ఆ ప్రతిపాదనను రద్దు చేయాలని మళ్ళీ ఓటింగు పెడితే, అదీ ఓడిపోయింది.

దీనికి పక్కన మన సంగతి పెట్టి చూడండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో, అర్హతలో సమానంగా ఉన్నచోట, కనీసం 30 శాతం మేరకు స్త్రీలకు ప్రాధాన్యమిచ్చే 22-ఎ నిబంధనను ఆంధ్రప్రదేశ్ పెట్టింది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు 1995లోనే, అంటే బర్కిలీలో తలుపు మూసిన ఏడాదే, దాన్ని నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. స్త్రీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చనే 15(3) అధికరణం మన రాజ్యాంగంలో ముందే ఉండటం వల్ల ఆమెకు ఆ వీలు చిక్కింది. కే దేశంలో రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. ఈ తేడా చూశాక, మంచి డీన్ ఉంటే చాలు, మంచి జడ్జి ఉంటే చాలు అనే మాట నేను ఎక్కడా అనడం మానేశాను. ఈ గదిలో ఎంతమంది ఆ 30 శాతంలో వచ్చారో నాకు తెలుసు, చేతులెత్తక్కర్లేదు.

డీన్ పదవి దిగాక కే పాఠాలు చెబుతూనే ఉంది. తనకన్నా ముందున్న ఆ పద్నాలుగుమంది స్త్రీల గురించి ఏళ్ళ తరబడి సమాచారం సేకరించింది. పుస్తకం అచ్చులో చూడకుండానే పోయింది. ఇంకో అధ్యాపకురాలు పట్రీషియా కెయిన్ రాతప్రతిని సరిచేసి 2021లో బయటికి తెచ్చింది. ముందుమాట గిన్స్‌బర్గ్‌ది. ఆమె కూడా అప్పటికి లేదు. నేను ఆ పుస్తకంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అధ్యాయం చదువుతుంటే నా ఇంటర్వ్యూ ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ ఉద్యోగం ఎన్ని కాంట్రాక్టుల మీద నిలబడి ఉందో, ఆ ప్రశ్న తనకు కూడా ఎవరు వేశారో నేను ఏనాడూ కనుక్కోలేదు. ఆవిడ అడిగింది తప్పే. కానీ ఆ ప్రశ్న ఆవిడది కాదు, ఆ నలుగురిదీ. ఆడదాని చేత అడిగిస్తే బాగుంటుందని ఆవిడ చేత అడిగించారు.

టైమయిపోయింది అంటున్నారు. ఒక్క ముఖ్యమైన సంగతి చెప్పి దిగిపోతాను. దినకూలీ మీద, మస్టర్ రోల్ మీద ఉన్న స్త్రీలకు కూడా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా, అర్హత ఉన్న మనిషికి ఆ ప్రయోజనం పూర్తిగా అందాల్సిందేనని 2023 ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది. నాకది చాలా ఆలస్యంగా వచ్చింది, మీలో కొంతమందికి సరైన సమయానికే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, కాంట్రాక్టు కాగితాలు తీసుకుని ఇటు పక్క గదిలోకి రండి, ఒక్కొక్కటీ చదువుదాం. నాది కూడా తెచ్చాను. పదకొండో షరతు మీరే చూడండి.